తెల్ల కాగితం మీద రాయించుకున్న ప్రోనోటు చెల్లుతుందా?

స్నేహితుడికి ఇచ్చిన అప్పుకు తెల్ల కాగితం మీద ప్రోనోటు, అంటే అప్పు తిరిగి చెల్లిస్తానన్న హామీ పత్రం, రాయించుకున్నాననీ, వంద రూపాయల స్టాంపు పేపరు, నోటరీ ముద్ర లేకపోతే అది చెల్లదని అందరూ భయపెడుతున్నారనీ రాశారు. ఆ రెండూ లేనంత మాత్రాన ప్రోనోటు చెల్లకుండా పోదు. దానిమీద రెవెన్యూ స్టాంపు ఉందా, లేదా అన్నది మాత్రం మీరు చెప్పలేదు. మా కుటుంబాన్ని దెబ్బతీసింది సరిగ్గా అదే.

2011లో మా నాన్నగారు దూరపు బంధువు ఒకాయనకు కూతురి పెళ్లి కోసం రెండు లక్షల రూపాయలు అప్పిచ్చారు. ఆదివారం సాయంత్రం మా ఇంటి అరుగు మీద కూర్చుని, "మీకు గానీ, మీ అనుమతి పొందినవారికి గానీ, కోరినప్పుడు అసలు, వడ్డీ చెల్లించగలవాడను" అని ఆయన స్వహస్తాలతో రాశారు. ఇద్దరు సాక్షులు సంతకాలు చేశారు. పోస్టాఫీసు మూసి ఉంది, ఇంట్లో రెవెన్యూ స్టాంపు లేదు. రేపు అంటించుకుందామని నాన్నగారు ఆ కాగితాన్ని బీరువాలో పెట్టేశారు.

కోర్టులో దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువు దగ్గర పడుతుండగా న్యాయవాది దగ్గరకు వెళ్లాము. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మాస్టారూ, వేరే దస్తావేజయితే తక్కువ పడిన స్టాంపు సుంకానికి పది రెట్ల జరిమానా కట్టించైనా కోర్టులో దాఖలు చేసేవాడిని. ప్రోనోటుకు ఆ వెసులుబాటు లేదు" అన్నారు. ఇప్పుడు అంటిస్తే సరిపోదా అని నేను అడిగాను. సంతకానికి ముందు గానీ, సంతకం చేసేటప్పుడు గానీ అంటించాలని చట్టంలోనే ఉందని చెప్పారు. పెద్దమనుషుల్లో కూర్చుంటే చివరికి లక్ష రూపాయలు వచ్చాయి. ముప్పై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పిన మనిషి ఆ రోజు రిక్తహస్తాలు చూసుకుంటూ కూర్చున్న తీరు నేను మరిచిపోలేదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం పదో సెక్షను అడిగేది ఒప్పుకున్నవారి అర్హత, స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి, ప్రతిఫలం, చట్టసమ్మతమైన ఉద్దేశం. కాగితం ధర గురించి అందులో ఒక్క మాట లేదు. అయినా మన ఊళ్లలో స్టాంపు పేపరుకు ఆరు నెలలకే గడువు తీరిపోతుందని ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు. ఆ ఆరు నెలల గడువు వాడని స్టాంపు పేపరుకు డబ్బు వాపసు అడగడానికే తప్ప వాడకానికి కాదని సుప్రీంకోర్టు 2008లోనే తేల్చింది. ఇలాంటి అపోహల మీద చూపే శ్రద్ధలో పదోవంతు రూపాయి రెవెన్యూ స్టాంపు మీద చూపితే ఎన్నో అప్పులు మునగవని నా గట్టి నమ్మకం. బంధువును స్టాంపు అడగడం అవమానించడమేనని నాన్నగారు అనుకున్నారు. నేను అలా అనుకోను.

కాబట్టి మీ కాగితం మీద రెవెన్యూ స్టాంపు లేకపోతే, మీ స్నేహితుడితో మాటలు బాగున్నప్పుడే పిలిచి కొత్త ప్రోనోటు రాయించుకోండి. సంతకం సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడేలా చేయించండి. స్టాంపు ఉండి మూడేళ్లు నిండబోతూ ఉంటే, ఎంతో కొంత జమ కట్టించుకుని, వెనుక వైపు ఆ సొమ్ము కట్టినట్టు ఆయన చేతనే తేదీ వేసి చెల్లు రాయించి, సంతకం తీసుకోండి. మూడేళ్ల లెక్క ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది.