ఆ గుండ్రటి పై చార్ట్ (pie chart) తీసెయ్యి తల్లీ

అమ్మడూ,

నీ ప్రాజెక్టు రాత్రే చదివాను. రాసిందంతా బాగుంది, కష్టపడ్డావని తెలుస్తోంది. కానీ తెలంగాణ పాత పది జిల్లాల అక్షరాస్యతకి వేసిన ఆ గుండ్రటి పై చార్ట్ మాత్రం తీసెయ్యి. ఆ గుండ్రటి బొమ్మ ఒక మొత్తాన్ని ముక్కలు చేసి చూపడానికి పనికొస్తుంది, అంతే. 2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ 83.25 శాతం, మహబూబ్‌నగర్ 55.04 శాతం. ఏ జిల్లాకి ఆ జిల్లాలో ఏడేళ్లు దాటిన వందమందిలో ఎంతమందికి చదవడం, రాయడం వచ్చన్న లెక్క అది, పదీ కలిపితే దేనికీ మొత్తం కాదు. ఎక్సెల్‌కి ఇదంతా తెలియదు కదా, నువ్విచ్చిన అంకెలన్నీ కూడేసి వందకి సరిపెట్టి హైదరాబాద్ ముక్క మీద 13% అని వేసింది. చూసినవాళ్లు హైదరాబాద్‌లో అంత తక్కువమందే చదువుకున్నారా అనుకోరూ?

దాని బదులు బార్లు వెయ్యి, స్కూల్లో కమ్మీ చిత్రం అని నేర్చుకున్నదే. నిలువుగా కాకుండా అడ్డంగా వేస్తే జిల్లా పేర్లు మెడ వంచకుండా చదువుకోవచ్చు. అక్షర క్రమంలో వద్దు, ఎక్కువ నుంచి తక్కువకి పేర్చు, పైన హైదరాబాద్, అట్టడుగున మహబూబ్‌నగర్. కోణాలకంటే పొడవుల్ని మన కన్ను బాగా పోల్చుకుంటుంది, 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు గణాంక నిపుణులు దీన్ని పరీక్షించి మరీ చూపించారు.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. బార్లు సున్నా నుంచే మొదలవ్వాలి. తేడా బాగా కనపడుతుందని 50 దగ్గర మొదలుపెట్టావనుకో, హైదరాబాద్ బారు మహబూబ్‌నగర్ బారుకి ఆరు రెట్లకు పైగా పొడుగొస్తుంది, నిజానికి తేడా ఒకటిన్నర రెట్లే. అది అబద్ధం చెప్పినట్టే, అంకెలు పక్కన సరిగ్గా రాసినా సరే.

దేశం మొత్తం అక్షరాస్యత 1951లో 18.33 శాతం నుంచి 2001లో 64.83 శాతానికి, ఆ తర్వాత 2011 వరకు ఎలా పెరిగిందో చూపించే చోట లైన్ గ్రాఫ్ వేశావు, అది సరైనదే, కాలంతో మారేదానికి గీతే మంచిది. అయితే 1971 వరకు ఐదేళ్లు దాటినవాళ్లని లెక్కపెట్టారు, 1981 నుంచి ఏడేళ్లు దాటినవాళ్లని. గ్రాఫ్ కిందే ఆ మాట ఒక్క లైను రాయి. 2021లో జనాభా లెక్కలు జరగలేదు కాబట్టి గీతని 2011 దగ్గరే ఆపెయ్యి, ఊహించి ముందుకి లాగకు.

త్రీడీ వద్దు. రంగులు కూడా తగ్గించు, ఒక్క రంగు చాలు, నువ్వు మాట్లాడుతున్న జిల్లా ఒక్కటే ముదురుగా ఉంచు. కాలేజీలో జిరాక్స్ తీస్తే పది రంగులూ ఒకే బూడిదరంగులోకి వస్తాయి.

మార్చాక మీ అమ్మకి చూపించి, బాగా వెనకబడిన జిల్లా ఏదని అడుగు. వెంటనే వేలు పెట్టి చూపించలేకపోతే నాకు ఫోన్ చెయ్యి, ఇద్దరం కూర్చుని సరిచేద్దాం.

మీ పెద్దమామయ్య