పన్నెండేళ్లలో నాలుగు పద్ధతులు మార్చాం, మీ విషయంలో నాకనిపించింది ఇదీ

పాపకి ఏడాదిన్నర, ఇంకొకరు కావాలి కానీ మూడేళ్ల దాకా వద్దు, ఆయనేమో గర్భం రాకుండా మాత్రలు వేసుకోమంటున్నారు, అత్తయ్యేమో "త్వరగా ఇంకొకర్ని కనేసి ఆపరేషన్ చేయించేసుకో" అంటున్నారు, ఏం చెయ్యాలి అని కదా అడిగారు. నేను డాక్టర్ని కాను. నాకు 36, ఇద్దరు పిల్లలు. "జీవితాంతం ఏది వాడాలి" అని ఆలోచించినన్నాళ్లూ నాకు ఏదీ తేలలేదు, "వచ్చే మూడేళ్లకి ఏది" అనుకున్నాకే తేలింది. మీరు మూడేళ్లు అని ముందే అనుకున్నారు కాబట్టి సగం పని అయిపోయినట్టే.

మేం మొదలుపెట్టింది కండోమ్‌తో. షాపతను పేపర్లో చుట్టి, పైన నల్ల కవరేసి ఇచ్చేవాడు, దాన్ని మా ఆయన ఓసారి ఫ్రిజ్ మీద పెట్టేస్తే మా ఆడపడుచు కొడుకు చాక్లెట్లనుకుని విప్పబోయాడు. సుఖవ్యాధులు రాకుండా ఆపేది అదొక్కటే, కానీ ప్రతిసారీ వాడాలి. మేం వాడలేదు. ఒకే ఏడాదిలో మూడుసార్లు 72 గంటల మాత్ర (కలిశాక ఆ గడువులోపు వేసుకునే అత్యవసర మాత్ర) మింగాను, దాంతో నెలసరి ఎప్పుడొస్తుందో తెలియక ప్రతి నెలా టెన్షన్. ఆ మాత్ర ఎప్పుడైనా అవసరం పడితే వేసుకోవడానికే, అలవాటు చేసుకోవద్దు.

పెద్దవాడికి ఏడాది దాటాక మాత్రలు మొదలుపెట్టాను. ప్రభుత్వ ఆసుపత్రిలో ఊరికే ఇచ్చే మాలా-ఎన్: 28 మాత్రలు, అందులో 21 హార్మోన్‌వి, 7 ఐరన్‌వి. మర్చిపోకుండా షీట్‌ని బ్రష్‌లు పెట్టుకునే గ్లాసుకి రబ్బర్ బ్యాండ్‌తో కట్టుకునేదాన్ని. ఐదో నెలలో తలకి ఒక పక్కన నొప్పి మొదలైంది, నొప్పికి కాసేపు ముందు కళ్ల ముందు వంకర గీతల్లా మెరిసేవి, ఎండకి అనుకున్నాను. బాబు టీకా కోసం వెళ్లి మాటల్లో చెప్తే డాక్టరమ్మ ఆ రోజే ఆపేయమంది. అలాంటి మైగ్రేన్ ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాడితే పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుందట, బీపీ ఉన్నా ఇవ్వరట. మాత్రలు ఇచ్చినప్పుడు ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. మీకు అడక్కపోయినా మీరే చెప్పండి.

తర్వాత కాపర్ టీ. మా పెద్దమ్మ "అది పైకి పాకి గుండెలోకి పోతుందే" అని భయపెట్టింది (పోదు, గర్భసంచిలోంచి గుండెకి దారే లేదు). నెలసరి ఐదో రోజు వెళ్లాను. పెట్టడం ఐదు నిమిషాలే కానీ ఒక్క క్షణం పొత్తికడుపు మెలిపెట్టినట్టయింది, నొప్పే ఉండదని చెప్పినవాళ్ల మీద కోపమొచ్చింది. మొదటి మూడు నెలలు రక్తస్రావం బాగా ఎక్కువైంది, ఆఫీసుకి బ్యాగులో ఇంకో జత బట్టలు పెట్టుకెళ్లిన రోజులున్నాయి, ఐరన్ మాత్రలు వాడాల్సొచ్చింది. నాలుగో నెల నుంచి సర్దుకుంది, ఆ తర్వాత అది ఉందన్న సంగతే మర్చిపోయాను. నాకు వేసింది 380ఏ రకం, పదేళ్లు పనిచేస్తుంది, కానీ పదేళ్లూ ఉంచుకోవాలని రూలేం లేదు. రెండో బిడ్డ కావాలనుకున్నప్పుడు తీయించేశాను, నాలుగో నెలలో నిలిచింది. మీకు ముందే రక్తం తక్కువుంటే మాత్రం హిమోగ్లోబిన్ చూపించుకున్నాకే వెళ్లండి.

గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే "అంతర" అనే ఇంజెక్షన్ మా చెల్లెలు వాడింది. గుర్తుపెట్టుకునే బాధ లేదు కానీ ఆపాక మళ్లీ గర్భం రావడానికి ఆఖరి ఇంజెక్షన్ నుంచి 7 నుంచి 10 నెలలు పట్టొచ్చు, మీ మూడేళ్ల లెక్కలో అది కూడా కలుపుకోండి. ఛాయ అని హార్మోన్ లేని మాత్ర ఇంకోటుంది, లక్నోలో మనవాళ్లే కనిపెట్టింది, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి, పాలిచ్చే తల్లులూ వాడొచ్చు.

ఇక ఆపరేషన్ మాట. నా రెండో సిజేరియన్ అప్పుడు థియేటర్లోకి తీసుకెళ్తుంటే "ట్యూబులు కూడా కట్టేయమంటారా అమ్మా, బయట మీ అత్తగారు సరేనన్నారు" అన్నారు. సంతకం పెట్టాల్సింది నేను, సరేనన్నది అత్తయ్య! వద్దన్నాను. మూడో బిడ్డ కోసం కాదు, ఆ నొప్పుల్లో అంత పెద్ద నిర్ణయం తీసుకోలేను. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి దాదాపు ఏడుగురు ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తమ్మీద మగవాళ్ల ఆపరేషనేమో వెయ్యి జంటల్లో మూడు. చిన్నదానికి రెండేళ్లు నిండాక ఈ అంకెలు మా ఆయనకి చూపించాను. రెండు వారాలు ఆ ఊసే ఎత్తలేదు, తర్వాత తనే ఓ శనివారం వెళ్లాడు. మత్తు ఆ భాగానికే ఇస్తారు, కుట్లుండవు, ఇరవై నిమిషాల్లో అయిపోయింది, సోమవారం ఆఫీసుకెళ్లాడు. మూడు నెలల తర్వాత టెస్టులో వీర్యకణాలు లేవని తేలేదాకా కండోమ్ తప్పదు, చాలామంది అక్కడే పప్పులో కాలేస్తారు. "నడుం పడిపోతుంది" అంటుందని అత్తయ్యకి ఇంతవరకూ చెప్పలేదు, గ్యాస్ బండ మాత్రం ఇప్పటికీ ఆయనే మోస్తున్నాడు.

మీ స్థానంలో నేనుంటే ఇప్పటికి కాపర్ టీ వేయించుకుంటాను, ఆపరేషన్ సంగతి రెండో బిడ్డ పుట్టి, కాస్త పెద్దయ్యాక ఆయనతో కూర్చుని మాట్లాడుకుంటాను. డాక్టర్ దగ్గరకి ఆయన్ని కూడా తీసుకెళ్లండి, మాత్రలు వేసుకోమని చెప్పడం తేలిక, అక్కడ అడిగే ప్రశ్నలు ఆయన కూడా వినాలి. అన్నట్టు, పాపకి ఇంకా పాలిస్తున్నారా లేదా మీరు రాయలేదు, అది డాక్టర్‌కి ముందే చెప్పండి.