ఆమె ఏడుపులో మీ ఓటమి లేదు

ప్రశ్న: మా పెళ్లై పదహారేళ్లయింది. ఈమధ్య ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ కథ ‘ది డెడ్’ చదివి నా భార్య వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంటర్మీడియట్ రోజుల్లో తనను ఇష్టపడిన ఒక అబ్బాయి జబ్బుచేసి చనిపోయాడని అప్పుడే మొదటిసారి చెప్పింది. ఇన్నేళ్లూ నాతో నటించిందా? ఆ కథ నేనూ చదివాను, కానీ అందులోని గొప్పతనం నాకు కనబడలేదు.

జవాబు: మీరు దాన్ని భార్య దాచిన రహస్యం బయటపడిన కథగా చదివినట్టున్నారు. అయితే మొదటి నుంచి చివరి దాకా జాయిస్ మనల్ని ఉంచింది ఎక్కువగా భర్త గేబ్రియల్ మనసులోనే. డబ్లిన్‌లో పిన్నుల ఇంట్లో విందు ముగిసి బయలుదేరే వేళ, మెట్ల మీద నిలబడి ఎవరో పాడుతున్న పాత పాట వింటున్న భార్య గ్రెట్టాను అతడు కింది నుంచి చూసి, తాను చిత్రకారుణ్ణైతే ఈ భంగిమను బొమ్మ గీసేవాణ్ణని అనుకుంటాడే గానీ, ఆ పాట ఆమెకు ఎవరిని గుర్తుచేస్తోందో ఊహించలేకపోతాడు. నా దృష్టిలో కథకు ఆయువుపట్టు అదే. తరువాత హోటల్ గదిలో, ఐర్లండ్‌లోని గాల్వేలో తనను ప్రేమించి, పదిహేడేళ్లకే చనిపోయిన మైకేల్ ఫ్యూరీ గురించి ఆమె చెప్పినప్పుడు, అతడేం చేసేవాడని గేబ్రియల్ ఎత్తిపొడుపుగా అడుగుతాడు. గ్యాస్ కర్మాగారంలో పనిచేసేవాడని ఆమె అమాయకంగా బదులివ్వగానే, ఆ ఎత్తిపొడుపు తిరిగి అతనికే తగులుతుంది. ఒంట్లో బాగా లేకున్నా, ఆమె ఊరు విడిచి వెళ్లే ముందు రాత్రి వానలో వచ్చి తోట చివర నిలబడిన ఆ కుర్రవాడి కథ విన్నాక, నిద్రపోతున్న భార్యను అతడు కోపం లేకుండా చూడగలుగుతాడు.

జాయిస్ సహచరి నోరా గాల్వే అమ్మాయే; ఆమె యౌవనంలో ఎరిగిన మైకేల్ బాడ్కిన్ అనే యువకుడు చిన్న వయసులోనే చనిపోయాడు. ఆ సంగతి తెలిసిన జాయిస్ 1907లో ఈ కథ రాశాడు.

మీ భార్య ఇన్నేళ్లకు నోరు విప్పింది మీ దగ్గరే. దాన్ని నటనకు సాక్ష్యంగా ఎలా తీసుకుంటారు? అతనెక్కువా, నేనెక్కువా అని దయచేసి అడగకండి. అతనెలా ఉండేవాడో, ఆ వార్త ఆమెకు ఎలా తెలిసిందో అడిగి, మధ్యలో అడ్డు తగలకుండా వినండి. ఈ విషయం బంధువుల దాకా పోనివ్వకండి. కథను మెట్ల సన్నివేశం నుంచి ఈసారి ఇద్దరూ కలిసి చదవండి. అప్పటికీ అనుమానం నిద్ర పట్టనివ్వకపోతే, ఆమెను నిలదీయకుండా ముందు మీరొక్కరే దగ్గరలోని కౌన్సెలర్‌ను కలవండి.