చిల్లరలో అరుదైన నాణేలు దొరుకుతాయా? నాకు రూపాయి బిళ్ల ఐదువందల పదహారుకి దొరికింది

"ఇంట్లో పేరుకున్న చిల్లరలో విలువైన నాణేలు ఉంటాయా, ఎలా గుర్తుపట్టాలి?" అని అడిగారు. ఉంటాయి. కానీ మీరు యూట్యూబ్ చూసి అడుగుతుంటే మాత్రం ఉండవు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్లకి లక్షలొస్తాయన్న వీడియో నాకు మా చుట్టాలే పదిమంది పంపారు. 2012 అని ముద్రించిన ఆ బిళ్లలు నా దగ్గర నాలుగున్నాయి. లక్షలిచ్చేవాడు ఇంతవరకూ రాలేదు. "మీ పాత నాణెం కొంటాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అనేవాడు మాత్రం మా పక్కింటాయనకి ఫోన్ చేశాడు. తమ పేరు వాడుకుని ఇలా ఫీజులు, కమిషన్లు గుంజుతున్నారని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. ఆ ప్రకటనని మాత్రం మా చుట్టాల్లో ఒక్కరూ పంపలేదు.

నేను చూసేది బొమ్మ కాదు, సంవత్సరం కింద ఉండే గుర్తు. నక్షత్రం ఉంటే మన హైదరాబాద్ మింటు, అంటే నాణేలు కొట్టే టంకశాల. అది 1997 దాకా సైఫాబాద్‌లో ఉండేది, తర్వాత చర్లపల్లికి మారింది. డైమండ్ ఉంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఈ నాలుగూ రోజూ కనిపించేవే. అసలు సరదా ఐదో రకంలో ఉంది. 1990ల చివర్లో చిల్లరకి కరువొచ్చి, మన ప్రభుత్వం విదేశాల్లో కూడా నాణేలు కొట్టించింది. 1997 రూపాయి మీద ఎం అక్షరం, దాని నెత్తిన చిన్న ఓ ఉంటే అది మెక్సికోది. 1998 రూపాయి కింద ఎంకె అని ఉంటే స్లోవేకియాలోని క్రెమ్నికాది. ఆ టంకశాల 1328 నుంచి నడుస్తోంది. అంటే మన విజయనగర సామ్రాజ్యం పుట్టకముందు నుంచీ. అలాంటిచోట తయారైన రూపాయితో మనం అగ్గిపెట్టె కొనుక్కున్నాం.

కానీ ఇప్పుడు చిల్లర ఏదీ? టీకి ఫోన్‌పే, ఆటోకి ఫోన్‌పే, కొత్తిమీర కట్టకీ ఫోన్‌పే. పొరపాటున నోటిస్తే మూడు రూపాయలకి మూడు చాక్లెట్లు చేతిలో పెడతారు. చాక్లెట్ మీద మింటు గుర్తు ఉండదు కదా! బ్యాంకులో అడిగితే సంచి కట్టి ఇస్తారనుకోవడం అమాయకత్వం. నేను తిరిగిన చోటల్లా చూశాను, పల్లెటూరి గుడి హుండీని మించిన చోటు లేదు. ఇంట్లో డబ్బాల్లో ఏళ్లతరబడి పడున్నవీ, కొట్టువాడు వద్దన్నవీ అన్నీ చివరికి అక్కడికే చేరతాయి.

మా ఊరు తెనాలి దగ్గర. రెండేళ్ల క్రితం శ్రీరామనవమి అయ్యాక రామాలయం హుండీ విప్పుతుంటే మా బాబాయ్ నన్నూ లెక్కకి కూర్చోబెట్టాడు. మండపంలో దుప్పటి పరిచి గుమ్మరించారు. అందరూ రూపాయిలు, రెండ్లు, ఐదులు టకటకా వేరుచేసి దొంతర్లు పెడుతున్నారు. నేను ఒక్కో బిళ్లనీ కళ్లజోడు పైకెత్తి చూస్తున్నాను. పక్కనున్నవాళ్లవి పది దొంతర్లు లేచేసరికి నాది ఒక్కటి కూడా పూర్తి కాలేదు.

"ఏరా, లెక్కపెట్టమంటే చదువుకుంటున్నావేంటి?" అన్నాడు బాబాయ్.

సరిగ్గా అప్పుడే దొరికింది. 1998, కింద బుల్లి ఎంకె. పసుపు కుంకుమ అంటుకుని ఉంది కానీ అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. ఆ ఆనందంలో నోరు జారాను. "బాబాయ్, ఇది స్లోవేకియాలో కొట్టిన రూపాయి. నా రూపాయి హుండీలో వేసి ఇది తీసుకోనా?"

పంతులుగారు, "రూపాయికి రూపాయేగా నాయనా, తీసుకో" అన్నారు. బాబాయ్ ఒప్పుకోలేదు. "ఎంతొస్తుందేంటి దానికి?"

అబద్ధం ఆడదామంటే ఎదురుగా సీతారామలక్ష్మణులు. సేకరించేవాళ్లు ముప్పయ్యో నలభయ్యో ఇస్తారని చెప్పాను.

"మరి స్వామి సొమ్ము రూపాయికి ఎలా ఇస్తాంరా? పాట పెడదాం."

వినాయకచవితి లడ్డూ పాట చూసిన ఊరు కదా, క్షణాల్లో జనం పోగయ్యారు. మండపం మెట్ల దగ్గర ఎవరో "ఫారిన్ బిళ్లంట" అన్నారు. అది అరుగు దాటేసరికి "లక్షల బిళ్లంట" అయింది. ట్రాక్టర్ తోలే కుర్రాడు ఒకడు జేబులోంచి సెల్లు తీసి ఏదో వీడియో చూసి, నూటపదహార్లు అన్నాడు. నేను రెండువందల పదహార్లు అన్నాను. వాడు ఏకంగా నాలుగు. నేను ఐదు. ముప్పై రూపాయల సరుకని వాడికి చెప్పాను, వినడే! నేను కావాలని తగ్గించి చెబుతున్నానని వాడి అనుమానం. ఐదువందల పదహార్ల దగ్గర వాళ్లమ్మ వచ్చి వాణ్ని రెక్కపట్టుకుని లాక్కుపోయింది. బాబాయ్ "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని ముగించాడు.

ఆ రోజు లెక్కలో చాలా పెద్ద దొంతర్లు పది రూపాయల బిళ్లలవి. ఎందుకంటే మా వైపు కొట్లలో అవి తీసుకోరు. పదిహేను గీతలున్నది దొంగదట, పది గీతలున్నదే అసలుదట! అప్పటికి చలామణిలో ఉన్న 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లో చెప్పింది, 14440కి ఫోన్ చేస్తే ఇదే మాట వినిపించేలా ఏర్పాటు కూడా చేసింది. ఎవరు వింటారు? మాకు దేశం వేసిన పదితో భయం, వాట్సాప్ వేసిన లక్షతో నమ్మకం. ఈ మాట ఆ రోజు మండపంలో గట్టిగానే చెప్పాను. పాట పాడుకున్న మనిషి మాట కాబట్టి అందరూ ఓపిగ్గా విన్నారు కూడా.

తర్వాత జేబులోంచి ఐదొందల నోటు, ఒక పది బిళ్ల, ఒక ఐదు, ఒక రూపాయి తీసి లెక్కలు రాసే ఆయన ముందు పెట్టాను. ఆయన నోటు తీసుకున్నారు, ఐదూ రూపాయీ తీసుకున్నారు. పది బిళ్లని వేలితో నా వైపు తోశారు.

"ఇవి చెల్లవు బాబూ. ఇప్పటికే గోనెసంచెడున్నాయి. ఆ పదీ ఫోన్‌పే చెయ్యి."