స్టైపెండ్ తక్కువే, అయినా జెనీవాకు రమ్మంటాను

ప్రశ్న: నమస్తే ఆంటీ. నేను వరంగల్‌లో ఎంఏ పూర్తి చేశాను. జెనీవాలో నిరాయుధీకరణ మీద పనిచేసే ఒక చిన్న శాంతి సంస్థలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. స్టైపెండ్ గది అద్దెకు సరిపోతే గొప్ప. "అంత దూరం వెళ్ళి ఏం చేస్తావు, తిరిగొచ్చాక ఉద్యోగం ఎవరిస్తారు" అంటున్నారు నాన్నగారు. వెళ్ళమంటారా?

జవాబు: చూడమ్మా, నేను ఈ ఊరొచ్చి ఇరవై రెండేళ్ళయింది. మా తమ్ముడి కూతురు అచ్చం ఇలాంటి పనికే వచ్చి ఆరు నెలలు మా ఇంట్లో ఉండి వెళ్ళింది. నీకూ మేనకోడలికి చెప్పినట్టే చెబుతాను. వెళ్ళు. అయితే డబ్బు సంగతి, కాగితాల సంగతి తేలాకే టికెట్ కొను.

అక్కడ ఏం చేస్తావన్నది నాన్నగారు అడగాల్సిన ప్రశ్నే. మొదటి నెలంతా నోట్సు రాస్తావు. ఐక్యరాజ్యసమితి భవనంలో ఏదో ఒక గదిలో వెనక వరుసలో కూర్చుని, ఏ దేశం ఏమన్నదో రాసుకుని సాయంత్రానికి ఆఫీసుకు పంపాలి. విసుగ్గా ఉంటుంది. మానవ హక్కుల మండలి ఏడాదికి కనీసం మూడుసార్లు సమావేశమవుతుంది. అక్కడ స్వచ్ఛంద సంస్థలకు మాట్లాడటానికి ఇచ్చే సమయం చాలా తక్కువ, రెండు నిమిషాలు కూడా దొరకదు. ఆ కాస్త సమయంలో చెప్పాల్సిన నాలుగు వాక్యాల కోసం మా మేనకోడలు రాత్రి పదకొండింటిదాకా కొట్టేసి మళ్ళీ రాస్తూ కూర్చునేది. తను రాసిన వాక్యాన్ని వాళ్ళ సంస్థ మనిషి మైకులో చదివిన రోజు ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా అదే చెప్పింది.

15 నంబరు ట్రామ్ ఎక్కి నాసియోఁ స్టాపులో దిగితే ఎదురుగా పెద్ద చెక్క కుర్చీ కనిపిస్తుంది. ఎత్తు 12 మీటర్లు, ఒక కాలు సగానికి విరిగి ఉంటుంది. మందుపాతరలను నిషేధించే ఒప్పందంపై దేశాలు సంతకం చేయాలని అడుగుతూ 1997లో పెట్టారు. ఆ డిసెంబరులోనే ఒట్టావాలో సంతకాలు జరిగాయి, 1999 మార్చిలో ఒప్పందం అమల్లోకి వచ్చింది. మన దేశం అందులో చేరలేదు. మందుపాతర అన్న మాట మన వైపు వాళ్ళకు కొత్త కాదు కదా, ఒకప్పుడు పేపరు తెరిస్తే కనిపించేది. "అత్తా, ఊళ్ళో ఈ మాట వార్తల్లో చదివాను. ఇవాళ మందుపాతరకు కాలు పోయినాయన పక్కన కూర్చుని భోంచేశాను" అని మా అమ్మాయి ఒక సాయంత్రం చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంది. ఆ తర్వాత నోట్సు రాయడం విసుగని ఎప్పుడూ అనలేదు.

నిరాశా ఉంటుంది, ముందే చెబుతున్నాను. ఇక్కడి నిరాయుధీకరణ సదస్సులో 65 దేశాలున్నాయి, మన దేశమూ ఉంది. అందరూ ఒప్పుకుంటేనే ఏ పనైనా కదులుతుంది. 1996లో అణుపరీక్షల నిషేధ ఒప్పందం మీద చర్చలు ముగిశాక అక్కడ మరో ఒప్పందం తయారవలేదు. మరోవైపు, ఈ ఊళ్ళోనే ఆఫీసు ఉన్న ఐకాన్ అనే కూటమి పట్టుబట్టి పనిచేస్తే, 2017 జులైలో న్యూయార్క్‌లో 122 దేశాలు అణ్వాయుధాల నిషేధ ఒప్పందానికి ఓటేశాయి. ఐకాన్‌కు ఆ ఏడాదే నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 2021 జనవరి 22న ఒప్పందం అమల్లోకి వచ్చింది.

అణ్వాయుధాలున్న దేశాలేవీ అందులో చేరలేదు, మన దేశం కూడా. ఆఫీసులో మన ప్రభుత్వ వైఖరిని నీ ఎదుటే విమర్శిస్తారు. టెన్షన్ పడకు, ఉడుక్కోకు. అణ్వాయుధాలను మనం మొదట ప్రయోగించబోమన్న విధానం, ఎన్‌పీటీ (అణ్వాయుధాల వ్యాప్తిని అడ్డుకునే ఒప్పందం) వివక్షతో కూడినదన్న మన వాదన ముందుగా చదువుకుని రా. తెలిసి మాట్లాడితే నీ అభిప్రాయం వేరైనా గౌరవిస్తారు. నిజానికి ఈ చదువే నీకు మిగిలే ఆస్తి.

ఇక కాగితాలు. 90 రోజులకు మించి ఉండాలంటే డి రకం వీసా కావాలి, అది ఇండియాలోనే తీసుకోవాలి. పని అనుమతి కోసం సంస్థే ఇక్కడి అధికారులకు దరఖాస్తు చేయాలి. "టూరిస్టు వీసా మీద వచ్చేయ్, తర్వాత చూద్దాం" అని ఎవరైనా అంటే ఆ సంస్థకు దండం పెట్టి వదిలెయ్. ఇంటర్న్‌షిప్‌కు ఫీజు అడిగినా అంతే. వచ్చిన మూడు నెలల్లోపు ఆరోగ్య బీమా తీసుకోవాలి, వచ్చిన రోజు నుంచీ లెక్కగట్టి ప్రీమియం వసూలు చేస్తారు. ఆ డబ్బు పక్కన పెట్టుకో.

గది మాత్రం కష్టం. మామూలు గదికే నెలకు వెయ్యి ఫ్రాంకుల దాకా అవుతుంది. మా అమ్మాయి స్నేహితురాలికి ఒకావిడ చక్కటి ఫొటోలు పంపి, ముందే రెండు నెలల అద్దె వేయించుకుంది. వెళ్ళి చూస్తే ఆ చిరునామాలో అలాంటి గదే లేదు. చూడకుండా డబ్బు పంపకు. విద్యార్థుల వసతి గృహాలకు ఇప్పుడే రాసెయ్. సరిహద్దు దాటితే ఫ్రాన్స్‌లో చవక అని చెబుతారు, నిజమే, కానీ స్విస్ పర్మిట్ చూపించి అక్కడ కాపురం పెట్టలేవు, ఫ్రాన్స్ అనుమతి వేరే కావాలి. మొత్తం మీద ఆరు నెలల ఖర్చులో స్టైపెండ్ పోను మిగిలింది ఇంట్లో అప్పు చేయకుండా పెట్టగలిగితేనే రా. లేదంటే సంస్థను మొహమాటపడకుండా అడుగు. మా అమ్మాయి అడిగితే భోజనానికి, ట్రామ్ పాసుకు అదనంగా ఇచ్చారు.

ఉద్యోగం సంగతి నాన్నగారికి ఉన్నదున్నట్టు చెప్పు. ఆరు నెలల తర్వాత ఇక్కడే ఉండిపోవచ్చన్న ఆశతో రాకు, మన పాస్‌పోర్టుతో అది చాలా కష్టం. మా అమ్మాయి తిరిగెళ్ళి హైదరాబాద్‌లో న్యాయ సహాయం చేసే సంస్థలో చేరింది. జీతం మధ్యస్తం, పని ఇష్టం.

ఐక్యరాజ్యసమితి భవనం పక్కన ఆరియానా పార్కులో గాంధీగారి విగ్రహం ఉంది. ఆయన 1931 డిసెంబరులో ఈ ఊరొచ్చి విక్టోరియా హాల్లో మాట్లాడారు. వచ్చిన వారంలోనే ఓ ఆదివారం ఆ పార్కుకు వెళ్ళి, విగ్రహం పక్కన నిలబడి నాన్నగారికి వీడియో కాల్ చెయ్. మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి రా.