గెలిచిన రంగూన్‌ను రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ రాతప్రతి మొదటి నుంచి చివరి దాకా చదివాను. 1988లో బర్మా (ఇప్పటి మయన్మార్) జనం జనరల్ నే విన్ ఏకపార్టీ పాలన మీద తిరగబడ్డారు, సెప్టెంబరులో సైన్యం వాళ్లను అణిచేసింది. అలా కాకుండా వాళ్లే గెలిచి ఉంటే ఏమయ్యేదని నువ్వు నవల మొదలుపెట్టావు. తెలుగులో ఈ ప్రశ్న ఒకరు పట్టుకున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. అందుకే మొహమాటం పక్కనపెట్టి రాస్తున్నాను.

నీ నవల్లో గెలుపు సెప్టెంబరు 18 సాయంత్రం వస్తుంది. సూలే పగోడా దగ్గర సైనికుల వరసకు ఎదురుగా ఒక విద్యార్థిని నిలబడి పాట అందుకుంటుంది. కెప్టెన్‌కు తన చెల్లెలు గుర్తొస్తుంది. తుపాకీ దించుతాడు. తెల్లారేసరికి ప్రభుత్వం కూలిపోతుంది. చదువుతుంటే గొంతు పట్టేసింది, కానీ నమ్మలేకపోయాను. ఆగస్టు 10న రంగూన్ జనరల్ ఆసుపత్రి ముందు ఏం జరిగిందో నీకు తెలుసు. చంపడం ఆపమని రాసిన అట్టలు పట్టుకుని నర్సులు బయటికొచ్చి నిలబడ్డారు. సైనికులు వాళ్లమీదే కాల్చారు. ఆ నర్సులను చూసినప్పుడు గుర్తురాని చెల్లెళ్లు నీ కథానాయికను చూడగానే ఎందుకు గుర్తొస్తారు? నీకు తెలియకుండానే ఈ సన్నివేశం ఆ నర్సులను తక్కువ చేస్తోందమ్మా. నిజంగా అక్కడ నిలబడినవాళ్లలో ధైర్యమో మంచితనమో కాస్త తగ్గింది కాబట్టి ఓడిపోయారని చెప్పినట్టు అవుతోంది. నీ ఉద్దేశం అది కాదని తెలుసు. అయినా పాఠకుడికి చేరేది అదే.

చరిత్రను మార్చి రాసేటప్పుడు మార్చేది ఒక్కటే ఉండాలని, అది ఆ రోజున నిజంగా ఎవరో ఒకరి చేతిలో ఉన్న నిర్ణయమై ఉండాలని నేను అనుకుంటాను. తూటా గురి తప్పడం, నియంతకు గుండెపోటు రావడం లాంటివి అక్కర్లేదు. ఒక గదిలో కొందరు కూర్చుని ఒక మాట అన్నారు, ఇంకో మాట అనగలిగి ఉండేవాళ్లు. అలాంటి చోటు వెతకాలి. 1988 బర్మాలో అలాంటి చోటు ఉంది. నువ్వు దాన్ని రెండు పేరాల్లో దాటేశావు.

ఒకసారి తేదీలు పక్కపక్కన పెట్టి చూడు. జులై 23న నే విన్ పార్టీ పదవి వదిలేశాడు. వదిలేస్తూనే, సైన్యం కాలిస్తే గాల్లోకి కాల్చదని హెచ్చరించాడు. ఆయన తర్వాత వచ్చిన సైన్ ల్విన్ మూడు వారాలు కూడా నిలవలేదు. ఆగస్టు 8న సార్వత్రిక సమ్మె, ఆ రాత్రే కాల్పులు, 12న సైన్ ల్విన్ రాజీనామా. 19న మౌంగ్ మౌంగ్ అధ్యక్షుడయ్యాడు. ఈయన న్యాయశాస్త్రం చదివినవాడు, పుస్తకాలు రాసినవాడు, ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవాడు. 24న సైనిక శాసనం ఎత్తేశాడు. అక్కడి నుంచి సెప్టెంబరు 18 దాకా నాలుగు వారాలు కూడా లేవు. ఆ రోజుల్లో చాలా ఊళ్లలో ప్రభుత్వం అనేది కనిపించకుండా పోయింది. సమ్మె కమిటీలు, బౌద్ధ భిక్షువులు పేటలు నడిపారు. కొత్త పత్రికలు పుట్టుకొచ్చాయి. ఆంగ్ సాన్ సూకీ ష్వేడగాన్ పగోడా పశ్చిమ ద్వారం దగ్గర లక్షల మంది ముందు మాట్లాడింది కూడా అప్పుడే, ఆగస్టు 26న. వాళ్లు ఒక విధంగా గెలిచి కొన్నాళ్లు బతికారు. నీ నవలకు నిధి ఇక్కడుంది.

సెప్టెంబరు 10న పాలకపార్టీ ప్రత్యేక మహాసభ పెట్టి, రెఫరెండం లేకుండానే బహుళపార్టీ ఎన్నికలు జరపడానికి ఒప్పుకుంది. ఎన్నికల సంఘం వేశారు. 16న సైనికులు, ప్రభుత్వ ఉద్యోగులు పార్టీలో సభ్యులుగా ఉండకూడదన్నారు. ఉద్యమం మాత్రం ఈ ప్రభుత్వం కింద ఎన్నికలు వద్దని, ముందు తాత్కాలిక ప్రభుత్వం కావాలని పట్టుబట్టింది. మరోపక్క 1962లో పదవి పోయిన ఊ నూ, న్యాయబద్ధమైన ప్రధాని ఇంకా తానేనని సెప్టెంబరు 9న సమాంతర ప్రభుత్వం ప్రకటించుకున్నాడు. ఉద్యమంలో ముందున్న సూకీ, మాజీ సైనికాధికారులు ఆంగ్ జీ, టిన్ ఊ అందులో చేరలేదు. 18న సాయంత్రం నాలుగింటికి రేడియోలో సైన్యాధిపతి సా మౌంగ్ పేరుతో సైన్యం అధికారం తీసుకుందన్న ప్రకటన వచ్చింది.

ఇప్పుడు చాలామంది తేలిగ్గా ఒక మాట అంటారు. ఆ ఎన్నికలకు ఒప్పుకుని ఉంటే సరిపోయేది కదా, విద్యార్థులు మొండికేశారు అని. నీ నవల్లో ఒక ముసలి ప్రొఫెసర్ చేత నువ్వూ అదే అనిపించావు. ఆ డైలాగు కొట్టెయ్యమని చెప్పను, కానీ దానికి జవాబిచ్చే విద్యార్థి గట్టిగా ఉండాలి. మార్చిలో పోలీసు వ్యానులో 41 మంది ఊపిరాడక చనిపోయారు. ఆ సంగతి ప్రభుత్వం ఒప్పుకున్నది జులైలో. అందులో నీ విద్యార్థి స్నేహితుడు ఉన్నాడనుకో. నాలుగు నెలలు శవాల సంగతి దాచిన వాళ్లు బ్యాలెట్ పెట్టెలు సరిగ్గా లెక్కపెడతారని అతనెలా నమ్ముతాడు? నమ్మకపోవడమే తెలివి. 1990 మే 27 ఎన్నికల్లో 485 స్థానాలకు 392 గెలిచిన సూకీ పార్టీకి సైన్యం అధికారం ఇవ్వలేదు కూడా. ప్రత్యామ్నాయ చరిత్ర రాసేవాళ్లకు ఒక చెడ్డ వాలు ఉంటుంది, చనిపోయినవాళ్లకు పాఠాలు చెప్పాలనిపిస్తుంది. ఆ వాలులో జారకు. వాళ్లు తీసుకున్న నిర్ణయానికి ఉన్న కారణాలన్నీ పూర్తి బలంతో పేజీ మీద నిలబెట్టాకే, ఇంకో నిర్ణయాన్ని ఊహించే హక్కు మనకు వస్తుంది.

మరి ఆ ఇంకో నిర్ణయం ఏది? అది నువ్వే తేల్చుకోవాలి. నాకు తోచింది మాత్రం చెబుతాను. రెండేళ్ల ముందు, 1986 ఫిబ్రవరిలో ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో జనం గెలిచారు. అక్కడ రక్షణ మంత్రి ఎన్రిలే, సైన్యంలో రెండో స్థానంలో ఉన్న రామోస్ ఇద్దరూ నియంత మార్కోస్‌ను వదిలి బయటికొచ్చారు. వాళ్లను కాపాడటానికి జనం రోడ్డు మీద నిండిపోయారు. సైన్యం రెండుగా చీలింది. రంగూన్‌లో జనం అంతే ఉన్నారు, ధైర్యం అంతే ఉంది, చీలిక మాత్రం రాలేదు. వైమానిక దళం నుంచి, నౌకాదళం నుంచి కొందరు యూనిఫాంలతోనే ఊరేగింపుల్లోకి వచ్చారు. పదాతి దళం కదల్లేదు. ఇక్కడే టిన్ ఊ పాత్ర నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ఆయన ఒకప్పటి సైన్యాధిపతి. 1976లో నే విన్ ఆయన్ను తీసేశాడు, తర్వాత జైల్లో పెట్టాడు. బెటాలియన్లలో ఆయన కింద పనిచేసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆయన వైపు నుంచి ఒక దూత ఒక ప్రాంతీయ కమాండర్ దగ్గరికి వెళ్లాడనుకో. ఆ కమాండర్‌కు కావలసింది దేశభక్తి ఉపన్యాసం కాదు. రేపు నన్ను ఉరి తీస్తారా, నా పెన్షన్ ఉంటుందా, ఆగస్టు 8 రాత్రి నా మనుషులు కాల్చిన తూటాలకు ఎవరు జవాబుదారీ అని అడుగుతాడు. దూత ఏం ఇస్తానంటాడు? ఆ నర్సుల తల్లిదండ్రులకు ఆ మాట ఎవరు చెబుతారు? చూడు, నీ పాట పాడే అమ్మాయి కన్నా ఈ గది ఎంత కష్టంగా ఉందో. ఈ అధ్యాయం రాయడానికి నీకు టెన్షన్ పుట్టాలి. పుడితే సరైన చోటుకు వచ్చావన్నమాట.

ఒక విషయంలో మాత్రం నాకు పట్టుదల ఎక్కువ. నువ్వు మలుపును సెప్టెంబరులో పెడితే, అంతకుముందు పోయినవాళ్లు పోయినట్టే ఉండాలి. మార్చి 13న కాల్పుల్లో చనిపోయిన ఫోన్ మా అనే ఇంజినీరింగ్ విద్యార్థిని నువ్వు గాయంతో బతికించి, చివరి అధ్యాయంలో మంత్రిని చేశావు. వద్దమ్మా. అతనికి నిజంగా ఒక తల్లి ఉంది. ఆ సంవత్సరం చనిపోయినవాళ్లు మూడు వేల దాకా ఉంటారని సాధారణంగా చెబుతారు, ప్రభుత్వం సుమారు 350 అంది. గెలిచిన దేశంలో కూడా వాళ్ల ఇళ్లలో ఆ మంచాలు ఖాళీగానే ఉంటాయి. గెలుపు రోజున ఊరేగింపుకు రాకుండా ఇంట్లో ఉండిపోయిన ఒక తల్లిని రాయి. ఆమెను ఎవరూ ఓదార్చకపోయినా ఫర్వాలేదు.

ఇక మొదలు. నువ్వు టీకొట్టు గొడవతో మొదలుపెట్టావు, క్యాసెట్‌లో ఏ పాట పెట్టాలన్న తగువు. అది జరిగిందే, బాగానే రాశావు. కానీ నేనైతే ఆరు నెలలు వెనక్కి వెళ్తాను. 1987 సెప్టెంబరు 5న 25, 35, 75 చాట్ల (చాట్ అంటే బర్మా రూపాయి లాంటిది) నోట్లు చెల్లవన్నారు. మార్చుకునే వీలు కూడా ఇవ్వలేదు. చెలామణీలో ఉన్న డబ్బులో సగానికి పైగా ఒక్క ప్రకటనతో కాగితమైపోయింది. ఆ తర్వాత 45, 90 చాట్ల నోట్లు వచ్చాయి, తొమ్మిదితో భాగించబడేవి. నే విన్‌కు తొమ్మిది మీద నమ్మకం. పరీక్ష ఫీజుకు దాచుకున్న డబ్బు పోయిన కుర్రాడు టీకొట్లో కూర్చుంటే ఆ తగువు బరువే వేరుగా ఉంటుంది. నోట్ల రద్దు గురించి తెలుగు పాఠకుడికి నువ్వు వివరించక్కర్లేదు, బ్యాంకు ముందు క్యూలో అందరం నిలబడ్డాం. అక్కడ నిలబడటానికి క్యూ కూడా లేదని చెబితే చాలు.

మీ అమ్మమ్మ వాళ్లు 1964 తర్వాత ఓడలో విశాఖ వచ్చారని ఉత్తరంలో రాశావు. నవల్లో మాత్రం ఆ సంగతి ఒక్క వాక్యం లేదు. ఎందుకు వదిలేశావు? ఆ పాలనే దుకాణాలు జాతీయం చేసింది, 1964 మేలో 50, 100 చాట్ల నోట్లు రద్దు చేసింది, లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో బయల్దేరాల్సి వచ్చింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగం (రంగూన్) వెళ్లిన తాతల కథలు లేని ఇల్లు తక్కువ. ఇంకా వెనక్కి వెళ్తే, 1930 మేలో రంగూన్ రేవులో సమ్మె చేసిన కూలీలు తెలుగువాళ్లు. వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టారు, ఆ తర్వాత రెండు వర్గాలకీ గొడవలై వీధుల్లో మన వాళ్లు ఎంతోమంది చనిపోయారు. 1988 ఆగస్టు 8 ఉదయం 8 గంటల 8 నిమిషాలకు పని ఆపి మొదట బయటికొచ్చిందీ రేవు కార్మికులే. ఆ రేవు గురించి రాయడానికి నీ దగ్గర ఉన్నది ఇంకెవరి దగ్గరా లేదు. అలాగని తెలుగువాళ్లను తీసుకెళ్లి ఉద్యమానికి నాయకుల్ని చెయ్యకు. ఉండిపోయిన కొద్దిమందిలో ఒక కుటుంబాన్ని పక్క వీధిలో పెట్టు. ఈ గెలుపు తమకు కూడానా, లేక మళ్లీ సామాన్లు సర్దుకోవాలా అని వాళ్లు అడుగుతారు.

ఆ ప్రశ్న నీ నవల రెండో సగానికి తలుపు తీస్తుంది. నువ్వు జెండాలతో ముగించావు. జెండాల మర్నాటి నుంచి రాయి. చాలామందిని పూర్తి పౌరులుగా ఒప్పుకోని 1982 పౌరసత్వ చట్టం అప్పటికి అమల్లో ఉంది. కొత్త పార్లమెంటు దాన్ని తీసేస్తుందా? పడమటి తీరంలోని అరకాన్‌లో రోహింగ్యా ముస్లింలు 1978లో రెండు లక్షల మందికి పైగా ఒకసారి పారిపోయి తిరిగొచ్చారు. వాళ్లకు ఓటు ఉంటుందా? సరిహద్దు కొండల్లోని మైనారిటీ జాతుల్లో కరెన్‌లు 1949 నుంచి పోరాడుతున్నారు, కచిన్‌లు 1961 నుంచి. 1947 ఫిబ్రవరిలో పాంగ్లాంగ్‌లో సూకీ తండ్రి ఆంగ్ సాన్ మైనారిటీ జాతులకు ఇచ్చిన స్వయంపాలన మాట సంగతేమిటని వాళ్లు కొత్త ప్రభుత్వాన్ని అడుగుతారు. రంగూన్ విద్యార్థికి అప్పటిదాకా కరెన్‌లు అంటే రేడియోలో విన్న తిరుగుబాటుదారులు మాత్రమే. నిజ చరిత్రలో అతను ఓడిపోయి అడవుల్లోకి పారిపోయాక, వాళ్లు పెట్టిన అన్నం తిన్నాక, వాళ్లెవరో అతనికి తెలిసింది. నీ చరిత్రలో అతను పారిపోలేదు. మరి ఎలా తెలుసుకుంటాడు? దీనికి నా దగ్గర కూడా జవాబు లేదు, నీ నవల్లో చదవాలని ఉంది.

సెప్టెంబరు రోజుల్లో నీళ్లలో విషం కలిపారన్న పుకార్లు లేచి, ఇన్ఫార్మర్లన్న అనుమానంతో కొందరి తలలు వీధుల్లోనే నరికారు. అదీ రాయి. మన పక్షం వాళ్లు చేశారని దాచొద్దు. భిక్షువులు అడ్డుపడి కొందరిని కాపాడిన సంగతి కూడా పక్కనే ఉండాలి.

సూకీ విషయంలో నీ చెయ్యి వణికిందని తెలుస్తోంది. ఒక అధ్యాయంలో దేవత, ఇంకో అధ్యాయంలో 2017లో రోహింగ్యాల మీద సైన్యం దాడులు, ఆమె వాటిని ఖండించకపోవడం గుర్తొచ్చి కఠినంగా రాశావు. 1988 ఆగస్టులో ఆమె జబ్బుపడిన తల్లిని చూసుకోవడానికి వచ్చిన 43 ఏళ్ల మనిషి. ఆ ఉపన్యాసంలో తండ్రి కట్టిన సైన్యం మీద తనకున్న అనుబంధాన్ని దాచుకోలేదు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఆమెను రాయి, అటు అభిమానం ఇటు తీర్పు రెండూ పక్కన పెట్టి. ఆమెకు రాబోయే ముప్పై ఏళ్లు తెలియవు. నీకు తెలిసినట్టు పాఠకుడికి కనిపించకూడదు.

చివరగా ఒక మాట. 2021 ఫిబ్రవరి 1న అక్కడ సైన్యం మళ్లీ అధికారం లాక్కుంది. తర్వాత వీధుల్లోకి వచ్చినవాళ్లలో 1988 తర్వాత పుట్టినవాళ్లే ఎక్కువ. నువ్వు రాసేది వాళ్ల అమ్మానాన్నల కథ. దాన్ని మన రాజకీయాల మీద విసురుగా వాడుకోవాలని ఎవరైనా సలహా ఇస్తే వినకు.

మొత్తం ఒకేసారి తిరగరాయకు. ముందు సెప్టెంబరు 10 రాత్రి ఒక్క అధ్యాయం రాయి. మహాసభ వార్త రేడియోలో వచ్చింది, సమ్మె కమిటీలో ఏడెనిమిది మంది ఉన్నారు, ఒకరికి ఒప్పుకోవాలని ఉంది, పైకి అనలేకపోతున్నాడు. ఎవరినీ తెలివితక్కువవాళ్లుగా చూపించకు. అది అయ్యాక నాకు పంపు, మిగతాది అక్కడి నుంచి మాట్లాడుకుందాం. అమ్మమ్మగారిని రేవు గురించి అడిగి ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకో, ఆ కాగితాలు కూడా జతచెయ్యి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు