శుక్రవారం ప్రార్థనకు బాణీలు ఎంచుకునే ముందు

అమ్మలూ,

యూదుల విశ్రాంతి దినాల్లో ‘పాటల షబ్బాత్’ అని పిలిచే షబ్బాత్ షిరా నాటి శుక్రవారం సాయంత్రపు ప్రార్థనంతా స్త్రీలు కట్టిన బాణీలతోనే నడపాలని, వాటిని ఎంచే పని మీ సినగాగ్‌లో (యూదుల ప్రార్థన మందిరంలో) ప్రార్థనను పాడి నడిపించే క్యాంటర్ నీకే అప్పగించారని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. యూదురాలివి కాకపోయినా వాళ్ళు నీ పియానోను, నీ చెవిని అంతగా నమ్మారు. టెన్షన్‌గా ఉందని రాశావు కాబట్టి, ఇక్కడ క్లీవ్‌లాండ్‌లో మీ పెదనాన్న వాళ్ళ సినగాగ్ కోయిర్‌లో ఇన్నేళ్ళు పాడినదాన్నిగా నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు నువ్వు రాసుకున్న స్త్రీ స్వరకర్తల పేర్ల జాబితా పక్కన పెట్టు. పేరు దొరికిందల్లా చేర్చుకుంటూ పోతే కచేరీ తయారవుతుంది, ప్రార్థన కాదు. ప్రార్థన పుస్తకం తెరిచి, ఏ చోట జనం ఏం చేస్తారో చూడు. లెఖా దోదీ అనే పాట చివరి చరణానికి అందరూ లేచి, షబ్బాత్‌ను పెళ్ళికూతురిలా ఆహ్వానిస్తూ వాకిలి వైపు తిరుగుతారు. అక్కడ నడక ఉన్న బాణీ కావాలి. మౌన ప్రార్థన అయ్యాక పెద్ద పాట పెట్టకు. రబ్బై (యూదు మతగురువు) షెఫా గోల్డ్ కట్టినలాంటి చిన్న జపం, ఒక్క వాక్యమే మళ్ళీ మళ్ళీ వచ్చేది, అక్కడ సరిపోతుంది.

మి షెబేరఖ్ దగ్గర మాత్రం తొందరపడకు. జబ్బుపడ్డవాళ్ళ కోసం చేసే ఈ ప్రార్థన పాత పాఠంలో అబ్రాహాము లాంటి పితరుల పేర్లతో మొదలవుతుంది. గిటారుతో ప్రార్థన పాటలు కట్టిన గాయని డెబ్బీ ఫ్రీడ్‌మన్, ద్రోరా సెటెల్ కలిసి 1980ల చివర్లో రాసిన పాటలో తల్లులు కూడా వచ్చి చేరారు. హీబ్రూ వాక్యాల మధ్య ఇంగ్లీషు ఉంటుంది కాబట్టి, హీబ్రూ రానివాళ్ళూ రెండోసారికే గొంతు కలుపుతారు. ఎయిడ్స్‌తో ఎందరో చిన్న వయసులోనే పోతున్న రోజులవి. శరీరం బాగుపడకపోయినా మనసుకు స్వస్థత అడగవచ్చన్న ఆ పాట వాళ్ళకు ఆసరా అయింది. డెబ్బీ కూడా ఏళ్ళ తరబడి నరాల జబ్బుతో బాధపడింది. 2011 జనవరి 9న, షబ్బాత్ షిరా వారంలోనే, ఆమె పోయింది. ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడి సముద్రం దాటాక మోషే అక్క మిర్యాము చేతి డప్పు పట్టుకుని స్త్రీలను పాడించిన ఘట్టం చదివే వారం అది. అందుకే చాలా సినగాగ్‌లలో ఆ వారం ఆమె పాటలు పాడతారు.

ఆ పాట మధ్యలో జనం తమవాళ్ళ పేర్లు చెబుతారు. అప్పుడు పియానో పూర్తిగా ఆపెయ్యి. మెల్లగా వాయిస్తూ ఉంటే బాగుంటుందనిపిస్తుంది, కానీ వద్దు. అందరూ అయిపోయారనుకున్నాక వెనక వరసలో ఎవరో ఒకరు, అప్పటిదాకా గొంతు పెగలనివాళ్ళు, ఒక పేరు చెబుతారు. ఆ పేరు గదిలో అందరికీ వినపడాలి. తర్వాత కూడా పాటను సాగదీయకు, అది ఏడుపు పాట కాదు.

ఇక ఒక విషయం గట్టిగా చెబుతాను. ఆ సాయంత్రమంతా డెబ్బీవిలాంటి గిటారు పాటలతో నింపేస్తే, ఆడవాళ్ళ సంగీతమంటే సమ్మర్ క్యాంపు పాటలేనన్న అభిప్రాయం మిగిలిపోతుంది. స్వరలిపి చదవడం రాని డెబ్బీ ఎంత ముఖ్యమో, సంగీత శాస్త్రమంతా చదువుకున్న అమెరికన్ స్వరకర్త మిర్యమ్ గిడియన్ అంతే ముఖ్యం. ఒక సినగాగ్ కోరి, ప్రార్థన మొత్తానికీ సంగీతం రాయించుకున్న మొదటి మహిళ ఆమె. 1970లో రాసిన ఆ శనివారం ఉదయపు ప్రార్థన మా ఊళ్ళోని ‘ది టెంపుల్’ కోసమే. 1974లో న్యూయార్క్ పార్క్ అవెన్యూ సినగాగ్ కోసం ‘షిరత్ మిర్యమ్ లెషబ్బాత్’ రాసింది. మొదటిది రాసేనాటికి అమెరికాలో ఏ సెమినరీ (యూదు మత విద్యాలయం) ఆడమనిషికి క్యాంటర్ పట్టా ఇవ్వలేదు. 1975లో బార్బరా ఆస్ట్‌ఫెల్డ్‌తో అది మొదలైంది. అంటే తను రాసిన ప్రార్థనను సెమినరీ పట్టా ఉన్న క్యాంటర్‌గా ముందు నిలబడి నడిపే అవకాశం ఆనాడు మిర్యమ్‌కు గానీ, అమెరికాలో మరో ఆడమనిషికి గానీ లేదు. ఆమె రచన కష్టమే, అనుభవమున్న కోయిర్ కావాలి. మొత్తం కుదరకపోతే ఒక్క భాగం తీసుకో, కానీ రిహార్సల్ ఇప్పటి నుంచే మొదలుపెట్టు. ఎవరైనా ఇదంతా కొత్త ఫ్యాషన్ అంటే, జర్మనీలోని వోర్మ్స్‌లో స్త్రీల ప్రార్థన మందిరంలో కీర్తనలు పాడి నడిపించిన యురేనియా గురించి చెప్పు. 1275లో చనిపోయిన ఆమె సమాధి రాతి మీదే ఆ మాట ఉంది.

సంప్రదాయాన్ని కచ్చితంగా పాటించే ఆర్థడాక్స్ యూదు బంధువులు ఎవరికైనా వస్తే, వాళ్ళలో మగవాళ్ళు స్త్రీ పాడేటప్పుడు బయటికి వెళ్ళవచ్చు. షబ్బాత్ రోజు పియానో వాయించడం కూడా వాళ్ళకు నిషిద్ధమే. అది వాళ్ళ నియమం, నువ్వు మనసు కష్టపెట్టుకోకు.

నీకు కర్ణాటక సంగీతం వచ్చు కాబట్టి ఆహవా రబ్బా అనే వాళ్ళ స్వరక్రమం వినగానే వకుళాభరణం రాగం గుర్తొస్తుంది. స్వరాలు నిజంగా అవే. అయితే దాన్ని మన రాగంలా విస్తరించరు. ఏ ప్రార్థనకు ఏ స్వరక్రమం, వాక్యం ఎక్కడ ఎలా ముగియాలి అన్నది సంప్రదాయం నిర్ణయించింది, దాన్ని నుసాఖ్ అంటారు. డెబ్బీ పాటలు నుసాఖ్‌ను వదిలేశాయని కొందరు క్యాంటర్లు బాధపడ్డారు. ఆ బాధలో న్యాయం ఉంది. అందుకని రెండు పాటల మధ్య క్యాంటర్ నుసాఖ్‌లో పాడేందుకు చోటు ఉంచు. ఆ ముగింపులు క్యాంటర్ పక్కన కూర్చుని విని నేర్చుకో, నోట్స్ చూసి రావు.

కొత్త బాణీలు రెండు చాలు, మిగతావి జనానికి వచ్చినవే ఉండనీ. ఆ రెండింటిలో ఒకదాన్ని తర్వాతి వారాల్లో కూడా, ఏ ప్రత్యేక సందర్భమూ లేకుండా, మామూలుగా పాడిస్తారా అని క్యాంటర్‌ను ముందే అడుగు. ఒప్పుకుంటే ఏది ఉంచాలో నువ్వే సూచించు. పాటల వరస ఖాయం కాగానే నాకు పంపు, కోయిర్ భాగాలు నేనూ చూసి పెడతాను.

మీ పెద్దమ్మ